గేమ్ జోన్‌కు వెళ్తున్నారా? ట్యాప్ చేసే ముందు ఒక చుట్టు తిరగండి

పెద్ద గేమ్ జోన్‌లో మొదటిసారి అడుగుపెట్టినవాళ్లను ఇట్టే గుర్తుపట్టొచ్చు. తలుపు దాటగానే ఒక్క క్షణం ఆగిపోతారు. ఒకవైపు కార్ల రేసు హోరు, ఇంకోవైపు డాన్స్ మెషీన్ పాట, మధ్యలో ఎవరో జాక్‌పాట్ కొట్టారని మోగే సైరన్, ఎటు చూసినా తిరిగే రంగురంగుల లైట్లు. ఆ కంగారులో దగ్గర్లో ఏ మెషీన్ కనిపిస్తే దాని దగ్గరకు వెళ్లి కార్డు ట్యాప్ చేసేస్తారు. అరగంట తిరిగేసరికి బ్యాలెన్స్ అయిపోతుంది. ఏం ఆడారో కూడా సరిగ్గా గుర్తుండదు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. తర్వాత పిల్లలతో, స్నేహితులతో, ఒక్కోసారి ఒక్కడినే వెళ్తూ వెళ్తూ ఒక సంగతి గ్రహించాను. ఇక్కడ సగం ఆట కళ్లతోనే ఆడాలి. ఏ మెషీన్ మన చేతి నేర్పును అడుగుతోంది, ఏది అదృష్టం మీద నడుస్తోంది, ఏది ఉత్తి లైట్లతో పిలుస్తోంది అన్నది కాసేపు పక్కన నిలబడి చూస్తే తెలిసిపోతుంది. ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి బహుమతుల కౌంటర్ దాకా ఏ దశలో ఏం చూడాలో వరసగా చెప్తాను.

ముందుగా ఒక చిన్న కథ

1972లో అటారీ కంపెనీ 'పాంగ్' అనే ఆట తయారుచేసి, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక బార్‌లో పెట్టింది. కొద్ది రోజులకే మెషీన్ పనిచేయడం లేదని కబురొచ్చింది. దాన్ని రూపొందించిన అలన్ ఆల్కార్న్ వెళ్లి తెరిచి చూస్తే, లోపల నాణేలు నిండిపోయి ఇంకో నాణెం పట్టే చోటు లేదు. ఆర్కేడ్ ఆటల (ఇలా డబ్బు వేసి ఆడే మెషీన్ ఆటల) సూత్రం అప్పటికీ ఇప్పటికీ అదే. చూసినవాళ్లకు పది సెకన్లలో ఆట అర్థమైపోవాలి, కొద్ది నిమిషాల్లో ముగిసిపోవాలి, 'ఇంకొక్కసారి' అనిపించాలి.

1978లో టైటో కంపెనీ తెచ్చిన 'స్పేస్ ఇన్వేడర్స్' చూడండి. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు వేగం పుంజుకుంటారు. గీయాల్సిన బొమ్మలు తగ్గడంతో మెషీన్‌కు పని తేలికై అలా జరిగింది. రూపకర్త తొమొహిరో నిషికాడో దాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచేశాడు, ఎందుకంటే ఆట అలాగే రక్తి కట్టింది. మొదట్లో తేలిగ్గా ఉండి పోనుపోను ఊపిరి సలపనివ్వకపోవడం ఈ ఆటల స్వభావం. మొదటి అరనిమిషంలో 'ఓస్, ఇంతేనా' అనిపిస్తే మోసపోకండి. అసలు ఆట ఆ తర్వాతే ఉంటుంది.

మొదటి దశ: ఇంటి దగ్గరే చేసుకోవాల్సినవి

వీలైతే సెలవు లేని రోజు, అదీ తలుపులు తెరవగానే వెళ్లండి. రద్దీ లేనప్పుడు ఒక్కో మెషీన్ దగ్గర తీరిగ్గా నిలబడి నేర్చుకోవచ్చు. సెలవు రోజు సాయంత్రం అయితే వెనకాల నలుగురు ఎదురుచూస్తుంటారు, ఆ టెన్షన్‌లో కొత్త ఆట తలకెక్కదు.

పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. చెప్పులతో డాన్స్ మెషీన్ ఎక్కితే కాలు జారుతుంది, రేసు కారులో బ్రేకు తొక్కితే చెప్పు పెడల్ కింద ఇరుక్కుంటుంది. సాక్సులు తప్పనిసరి. బౌలింగ్‌కు వాళ్లిచ్చే బూట్లే వేసుకోవాలి, ట్రాంపొలిన్ ఉన్నచోట అడుగున రబ్బరు చుక్కలున్న సాక్సులు అడుగుతారు. చేతిలో సంచి ఉంటే ఏదీ ఆడలేరు, కాబట్టి వీపుకో నడుముకో తగిలించుకునే చిన్న బ్యాగు చాలు.

పిల్లలు వస్తుంటే వాళ్ల ఎత్తు కొలిచి వెళ్లడం మంచిది. కదిలే సీట్లకూ గో-కార్ట్‌లకూ ఎత్తు నిబంధనలు ఉంటాయి. గంటసేపు ఆశగా ఎదురుచూసి, గేటు దగ్గర గీతకు రెండు వేళ్లు తక్కువయ్యారని వెనక్కి పంపిస్తే ఆ పిల్లల మొహం చూడలేం. వెబ్‌సైట్‌లో చూసుకోండి, లేదా ఫోన్ చేసి అడగండి.

ఆరోగ్యం సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. వేగంగా మినుకుమినుకుమనే కాంతి కొందరిలో మూర్ఛను రేపుతుంది. ఇంట్లో ఎవరికైనా ఆ సమస్య ఉంటే డాక్టర్‌ను అడగకుండా తీసుకెళ్లకండి. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మెడ నొప్పి, నడుం నొప్పి ఉన్నవాళ్లు కుదిపే సీట్ల జోలికి వెళ్లొద్దు. పెద్ద శబ్దాలకు బెదిరిపోయే పిల్లలకు చెవులు కప్పే మఫ్స్ తీసుకెళ్తే రోజంతా హాయిగా గడుస్తుంది.

రెండో దశ: కార్డు కౌంటర్

ఒకప్పుడు నాణెమో టోకెనో వేసేవాళ్లం. పిడికిట్లో ఎన్ని మిగిలాయో చూస్తే లెక్క తెలిసిపోయేది. ఇప్పుడు చాలాచోట్ల కార్డులొచ్చాయి, ఆ కార్డులో ఉండేవి క్రెడిట్లు. క్రెడిట్ అంటే డబ్బు కాదు. ఒక్కో ఆటకు ఇన్ని క్రెడిట్లు అని రాసి ఉంటుంది, అదీ చాలాసార్లు గుండ్రటి అంకె కాదు. అందుకే కార్డు చేతికి రాగానే ఒక్క లెక్క వేయండి: కట్టిన డబ్బును వచ్చిన క్రెడిట్లతో భాగించండి. ఒక్క క్రెడిట్ ఎంత పడిందో తెలిస్తే, ప్రతి మెషీన్ ముందూ అసలు ఖర్చు మీకు అర్థమవుతుంది.

కౌంటర్‌లో మొహమాటపడకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. బోనస్ క్రెడిట్లతో అన్ని ఆటలూ ఆడొచ్చా, బహుమతి మెషీన్లకు అవి పనికిరావా? గడువు ఎప్పటిదాకా? గెలిచిన టికెట్లు (కొన్ని ఆటల్లో వచ్చేవి, వీటిని ఇచ్చే బహుమతులు తీసుకుంటాం) కార్డులోనే ఉంటాయా? మిగిలిన డబ్బు వెనక్కిస్తారా? గంటకింత అని కట్టి ఎన్నిసార్లైనా ఆడే పాస్ ఉందా? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. వీడియో గేమ్‌లు మాత్రమే ఆడేవాళ్లకు టైమ్ పాస్ చాలా లాభం. టికెట్ ఆటలు ఇష్టపడేవాళ్లకు అది అంతగా ఉపయోగపడదు, ఎందుకంటే చాలాచోట్ల ఆ ఆటలను పాస్ కింద లెక్కించరు.

పెద్ద ఆఫర్ చూపించి ఎక్కువ మొత్తం రీచార్జ్ చేయమంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు చిన్నదే తీసుకోండి. ఆ చోటు నచ్చితే మళ్లీ వేయించుకోవచ్చు. కార్డును ఫోన్ నంబర్‌కు కలపమని అడగండి, పోగొట్టుకుంటే బ్యాలెన్స్ కొత్త కార్డుకు మార్చడం తేలికవుతుంది. అన్నట్టు, కార్డు వెనకున్న నంబర్‌ను అక్కడికక్కడే ఫోటో తీసుకోండి.

మూడో దశ: చుట్టు తిరగడం

ఇక కార్డు జేబులో పెట్టేయండి. పది నిమిషాలు ఏమీ ఆడకుండా మొత్తం తిరగండి. పిల్లలు చెయ్యి లాగుతారు, ఫరవాలేదు. 'ముందు అన్నీ చూద్దాం, చెరో మూడు ఎంచుకుందాం' అని చెప్పండి, ఆ ఎంపికే వాళ్లకు ఒక ఆటగా మారుతుంది. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో కూడా ఈ చుట్టులోనే చూపించండి.

చుట్టులో మొదట స్లాట్ పెట్టుకుని ఆడేవి ఎక్కడున్నాయో చూడండి: బౌలింగ్, లేజర్ ట్యాగ్ (కాంతి తుపాకులతో ఒకరినొకరు కొట్టుకునే ఆట), వీఆర్ గది (కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆడే వర్చువల్ రియాలిటీ). వాటికి వెంటనే పేరు రాయించుకోండి, వంతు వచ్చేలోపు మిగతావి ఆడుకోవచ్చు. తర్వాత బహుమతుల కౌంటర్ దగ్గరకు వెళ్లండి. అక్కడ ఏ వస్తువుకు ఎన్ని టికెట్లో ముందే చూస్తే, టికెట్ ఆటల మీద ఎంత ఖర్చుపెట్టొచ్చో ఒక అంచనా వస్తుంది. చాలామంది ఇది ఆఖర్న చూసి ఉసూరుమంటారు.

ఆ తర్వాతే మెషీన్లు. ఎవరైనా బాగా ఆడుతుంటే ఆగి చూడండి. స్క్రీన్ సరే, వాళ్ల చేతులూ కాళ్లూ చూడండి.

నాలుగో దశ: వీడియో గేమ్‌లు

రేసు కారులో కూర్చోగానే సీటు కింద లివర్ కోసం వెతకండి. స్టీరింగ్ పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి, కాలు పూర్తిగా చాపకుండానే పెడల్ అందాలి. మొదటిసారి ఆటోమేటిక్ గేర్ ఎంచుకోండి. స్టీరింగ్ చేతుల్లో గింజుకుంటుంది, లోపలున్న మోటార్ అలా తోస్తుంది. దాంతో కుస్తీ పట్టకండి, మలుపు ముందే ఒక్క క్షణం పెడల్ వదిలి, కారు తిరిగాక మళ్లీ తొక్కండి. సెగా తెచ్చిన 'డేటోనా యూఎస్ఏ' రోజుల నుంచీ ఎనిమిది సీట్లను కలిపి రేసు పెట్టుకునే ఏర్పాటు ఉంది. స్నేహితులతో వెళ్తే అందరూ కూర్చున్నాకే ట్యాప్ చేయండి. ఒకరు ముందుగా స్టార్ట్ నొక్కేస్తే మిగతావాళ్లు వేరే రేసులో పడతారు.

డాన్స్ మెషీన్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, నాకు అదంటే చాలా ఇష్టం. 1998లో కొనామీ తెచ్చిన 'డాన్స్ డాన్స్ రెవల్యూషన్'తో ఈ రకం ఆటలు ప్రపంచమంతా పాకాయి. నాలుగు బాణాలు, పైకి పాకే గుర్తులు, గుర్తు పైగీతను తాకగానే కాలు వేయాలి. కొత్తవాళ్లంతా చేసే పని ఒకటే. ఒక బాణం తొక్కి, కాలు మళ్లీ మధ్యకు తెచ్చి, ఇంకో బాణం తొక్కుతారు. అలా చేస్తే ప్రతి అడుగుకూ రెండు అడుగుల పని. ఒకరోజు ఒకమ్మాయి ఆడుతుంటే ఆమె కాళ్లనే చూస్తూ నిలబడిపోయాను. మధ్య గడి మీద ఆమె అసలు కాలు పెట్టడం లేదు. తొక్కిన బాణం మీదే కాలు ఉంచి, తర్వాతి దానికి రెండో కాలు వాడుతోంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ, నడిచినట్టు. బరువంతా ముని పాదాల మీద. కాలు బాదడం లేదు, మడమ చప్పుడే లేదు. నాకు నెలల తరబడి రాని పాట ఆ ఒక్క మార్పుతో వచ్చింది. వెనకున్న కమ్మీ పట్టుకోవడానికి సిగ్గుపడకండి, అది ఉన్నది అందుకే.

తుపాకీ ఆటల్లో కొన్నిటికి కాలి పెడల్ ఉంటుంది. 1995లో నామ్కో తెచ్చిన 'టైమ్ క్రైసిస్' పద్ధతి అది: పెడల్ తొక్కితే బయటికొచ్చి కాలుస్తాం, వదిలితే చాటుకు వెళ్లి తూటాలు నింపుకుంటాం. తెలియనివాళ్లు పెడల్ మీద కాలు అలాగే ఉంచి వరసగా దెబ్బలు తింటారు.

పాత ఆటల మూల కనిపిస్తే వదలకండి. 1980లో నామ్కో కోసం తోరు ఇవతాని రూపొందించిన 'ప్యాక్-మ్యాన్', దయ్యాలను తప్పించుకుంటూ చుక్కలు తినే ఆట, ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. అందులో నాలుగు దయ్యాలూ నాలుగు రకాలుగా ప్రవర్తిస్తాయి. ఎర్రది తిన్నగా వెంటపడుతుంది, గులాబీది మనం వెళ్లబోయే చోటికి ముందే వచ్చి కాపు కాస్తుంది. మలుపు రాకముందే జాయ్‌స్టిక్‌ను ఆ వైపు నొక్కి ఉంచితే దయ్యాలకన్నా మనమే మలుపు త్వరగా తిరుగుతాం. పిన్‌బాల్‌లో బంతి వచ్చినప్పుడల్లా రెండు ఫ్లిప్పర్లూ (బంతిని పైకి కొట్టే చిన్న రెక్కలు) కలిపి కొట్టేయకండి. ఒక ఫ్లిప్పర్‌ను ఎత్తి పట్టి బంతిని దాని ఒళ్లో ఆపి, చూసి కొట్టండి. బల్లను మెల్లగా తోయొచ్చు, గట్టిగా కుదిపితే మాత్రం లోపలున్న చిన్న లోలకం తగిలి 'టిల్ట్' పడి ఆ బంతి పోతుంది.

ఎయిర్ హాకీకి ఒక్క మాట. చేతిలోని మ్యాలెట్‌ను గోల్‌కు ఆనించి పెట్టకుండా జానెడు దూరం ముందు ఉంచండి. అక్కడి నుంచి రెండు మూలలూ అందుతాయి.

ఐదో దశ: టికెట్లు, బొమ్మల పంజాలు

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, అందుకని ఇక్కడ మరీ జాగ్రత్తగా చూడాలి.

బొమ్మలను ఎత్తే క్లా మెషీన్‌లో పంజా ఎంత గట్టిగా పట్టాలన్నది నిర్వాహకులు సెట్ చేసుకోవచ్చు. చాలా మెషీన్లలో పంజా ప్రతిసారీ ఒకే బలంతో పట్టదు. ఇన్ని ఆటలకు ఒకసారి పూర్తి బలం ఇచ్చేలా అమరిక ఉంటుంది. మిగతాసార్లు బొమ్మను ఎత్తుతుంది, పైకి వెళ్లగానే వేళ్లు సడలిపోతాయి. కాబట్టి ముందు ఇద్దరు ముగ్గురు ఆడేదాకా ఆగండి. పంజా బొమ్మను కొంతదూరమైనా మోసుకొస్తుంటే ప్రయత్నించొచ్చు. తాకి వదిలేస్తుంటే పక్కకు వెళ్లిపోండి. ఆడదలిస్తే బొమ్మ నచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టి, అది పడున్న తీరు చూడండి. మిగతావాటి కింద ఇరుక్కోకుండా పైన తేలి ఉండాలి, జారవిడిచే గుంతకు దగ్గరగా ఉండాలి. ముందు నుంచి చూస్తే లోతు తెలియదు, తోడు వచ్చినవాళ్లను పక్క అద్దం నుంచి చూసి చెప్పమనండి. మూడుసార్లని ముందే అనుకోండి. నాలుగోసారికి 'ఇప్పుడు కాస్త కదిలింది కదా' అని మనసు చెప్పే మాటకు అంతుండదు.

లైట్ సరిగ్గా ఆపితే పెద్ద బహుమతి అనే మెషీన్లూ అంతే. కొన్నిటిలో పెద్ద బహుమతి ఎంత అరుదుగా రావాలో ముందే సెట్ చేసే వీలుంది. పెట్టెలో మెరిసే ఫోన్ మీద దుమ్ము కనిపిస్తే అది ఎన్నాళ్లుగా అక్కడుందో ఊహించుకోవచ్చు. నాణేలు తోసే మెషీన్‌లో అంచున వేలాడే నాణేల గుట్ట ఇప్పుడో ఇంకాసేపటికో పడేలా ఉంటుంది, కానీ పక్కల ఉన్న సందుల్లోకి జారిన నాణేలు మన చేతికి రావు.

నాకు నచ్చిన టికెట్ ఆట స్కీ-బాల్, బంతిని దొర్లించి అంకెలున్న గుంతల్లో వేసే ఆట. 1908లో జోసెఫ్ ఫోరెస్టియర్ సింప్సన్ అనే ఆయన పేటెంట్ పొందిన ఆట ఇది. ఇన్నేళ్లయినా పాతబడలేదు, ఎందుకంటే ఇందులో నేర్పు కనిపిస్తుంది. బంతిని విసరకండి, నేల మీద దొర్లించినట్టు మోచేయి తిన్నగా ఉంచి వదలండి. పై మూలల్లోని 100 గుంతలు ఊరిస్తాయి, అవి తప్పితే బంతి కిందికి 10 దగ్గరకు వచ్చేస్తుంది. మధ్య వరసనే గురిపెట్టి, ప్రతి బంతీ ఒకే బలంతో వేస్తే మొత్తం స్కోరు బాగుంటుంది. పిల్లలకు కూడా ఇది రెండు మూడు ఆటల్లో పట్టుబడుతుంది.

మెషీన్ కార్డు తీసుకుని ఆట మొదలుపెట్టకపోతే మళ్లీ ట్యాప్ చేయకండి. ఒకచోట నేను వరసగా మూడుసార్లు చేశాను, మూడుసార్లూ క్రెడిట్లు పోయాయి. మెషీన్ పేరు గుర్తుపెట్టుకుని, దగ్గరే నిలబడి సిబ్బందిని పిలవండి. కార్డు చరిత్ర వాళ్ల దగ్గర కనిపిస్తుంది, వెంటనే చెప్తే సరిచేయడం తేలిక.

ఆరో దశ: వీఆర్, బౌలింగ్

వీఆర్‌లో తల తిరగడానికి కారణం ఉంది. కళ్లు 'కదులుతున్నాం' అంటాయి, లోపలి చెవి 'లేదు, నిలబడే ఉన్నాం' అంటుంది. ఆ రెంటికీ పొసగక కడుపులో తిప్పుతుంది. అందుకని మొదటిసారి రోలర్ కోస్టర్ లాంటివి ఎంచుకోకండి. ఒకేచోట నిలబడి ఎదురొచ్చేవాటిని కొట్టే ఆట తీసుకోండి. హెడ్‌సెట్‌ను మొహానికి బిగించడం కన్నా తల వెనక పట్టీ కిందికి దింపి బరువు అక్కడ పడేలా చూడండి. బొమ్మ మసకగా ఉంటే పైకీ కిందికీ కొద్దిగా జరపండి. కంట్రోలర్ తాడు మణికట్టుకు వేసుకోండి. కాస్త వికారంగా అనిపించినా వెంటనే తీసేయండి, ఓర్చుకుంటే తగ్గదు, పెరుగుతుంది. కడుపు నిండా తిన్న వెంటనే ఇది పెట్టుకోవద్దు.

బౌలింగ్‌లో బంతులు సాధారణంగా 6 నుంచి 16 పౌండ్ల దాకా ఉంటాయి. బొటనవేలు బిగుసుకోకుండా, వదులైపోకుండా వచ్చేది ఎంచుకోండి. పిన్‌లు 60 అడుగుల దూరంలో ఉంటాయి, అంత దూరం గురి కుదరదు. దారిలో కొద్ది అడుగుల దూరంలోనే నేల మీద బాణం గుర్తులు గీసి ఉంటాయి. చూపు వాటి మీద పెట్టి బంతిని ఆ గుర్తు మీదుగా పోనివ్వండి.

ఏ ఆటైనా, వెనక ఎవరైనా నిలబడి ఉంటే ఒక రౌండ్ అయ్యాక లేచి చోటివ్వండి. ఆడుతున్నవాళ్లకు అడగని సలహా ఇవ్వకండి. ఆట అయ్యాక 'అదెలా చేశారు?' అని అడిగితే మాత్రం చాలామంది సంతోషంగా చూపిస్తారు. నేను నేర్చుకున్నవాటిలో చాలా భాగం అలా వచ్చిందే.

ఏడో దశ: బహుమతుల కౌంటర్

మూసేసే సమయానికి అరగంట ముందే చేరుకోండి, ఆఖర్న అందరూ అక్కడే గుమిగూడతారు. ఇంట్లోవాళ్ల కార్డులన్నిటిలోని టికెట్లూ ఒక కార్డులోకి కలపమని అడగండి, విడివిడిగా దేనికీ చాలనివి కలిస్తే ఒక మంచి వస్తువుకు సరిపోతాయి. టికెట్లకు గడువు లేకపోతే ఈసారి ఏమీ తీసుకోకుండా దాచుకోవచ్చు కూడా.

పిల్లలను మాత్రం వాళ్లంతట వాళ్లనే ఎంచుకోనివ్వండి. మా చిన్నది ఒకసారి అద్దానికి ముక్కు ఆనించి, వేళ్లమీద లెక్కలు వేస్తూ, ఒకటి చూపించి మళ్లీ మానుకుంటూ పావుగంట నిలబడింది. చివరికి తీసుకున్నది ఒక స్ప్రింగు బొమ్మ, మిగిలిన టికెట్లకు రెండు రబ్బర్లు. కౌంటర్‌లో ఉన్నాయన ఓపిగ్గా నిలబడ్డాడు. ఆ స్ప్రింగు బొమ్మ ఇప్పటికీ మా కిటికీలో ఉంది.

బయటికొచ్చే ముందు చివరిగా ఆడిన రేసు కారు సీటు పక్కన, వీఆర్ గదిలో సామాను పెట్టిన అరలో ఒకసారి చూసుకోండి. ఫోన్లూ కళ్లద్దాలూ ఎక్కువగా మర్చిపోయేది అక్కడే. కార్డులో క్రెడిట్లు మిగిలుంటే గడువు ఎప్పుడో అడిగి, ఆ తేదీ ఫోన్‌లో రాసుకోండి.